చక్రం పుల్లల్లో నలిగిన మడమకు రివర్స్ సూరల్ ఫ్లాప్: ధమని కన్నా సిరే తేల్చిన కేసు

పేషెంటు 52 ఏళ్ల మహిళ, వ్యవసాయ కూలీ. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు వాడుతున్నారు గానీ క్రమం తప్పకుండా కాదు. బైక్ వెనక ఒక పక్కకు కూర్చుని వెళ్తుండగా ఎడమ మడమ వెనక చక్రం పుల్లల్లో పడి నలిగింది. దగ్గర్లోని ఆసుపత్రిలో గాయం కడిగి, పైకి లేచిన చర్మాన్ని తిరిగి దాని చోటికి లాగి బిగించి కుట్టారు. ఐదో రోజుకి ఆ చర్మం నల్లబడింది, ఆరో రోజుకి చీము పట్టింది, ఏడో రోజున మా దగ్గరికి పంపారు. ఆ గాయాన్ని ఫ్లాప్‌తో, అంటే రక్తనాళాలతో సహా లేపి పక్క చోటికి తిప్పే చర్మంతో కప్పాం. రివర్స్ సూరల్ అంటే పిక్క వెనక చర్మాన్ని తలకిందులుగా కిందికి తిప్పే ఫ్లాప్.

పుల్లల గాయంలో చర్మం కోసుకుపోదు, నలిగి ఊడుతుంది. పుల్ల ఒకవైపు లాగుతుంది, చట్రం మరోవైపు నొక్కుతుంది. చర్మానికీ కింది పొరకీ మధ్య ఉన్న సన్నని రక్తనాళాలు ఆ ఒరిపిడిలోనే తెగిపోతాయి. మొదటి గంటల్లో చర్మం గులాబీ రంగులోనే కనిపిస్తుంది కాబట్టి బతికి ఉందనుకుని కుట్టేస్తారు. మర్నాటికి వాపు వస్తుంది, కుట్లు బిగుసుకుంటాయి, కాస్తో కూస్తో మిగిలిన సరఫరా కూడా ఆగిపోతుంది. మడమ దగ్గర ఇలా లేచిన చర్మాన్ని బిగించి కుట్టకూడదు. వదులుగా పరిచి 48 గంటల తర్వాత మళ్లీ చూడాలి. మొదటి రోజే రక్తం ఆడట్లేదని తేలిపోతే దాని కొవ్వు తీసేసి గ్రాఫ్ట్‌గా (సొంత నాళాలు లేకుండా అతికించే చర్మం) వేయొచ్చు, అదీ కింద మంచి పొర ఉంటేనే.

ఈ బండికి శారీగార్డ్ లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనక చక్రంలో కనీసం సగం కప్పేలా రక్షణ ఉండాలి. షోరూమ్ నుంచి వచ్చిన బండికి అది ఉంటుంది. అందం కోసం ఊడదీసేది తర్వాత.

పరీక్షలో తేలినవి

మడమ వెనక భాగంలో, అరికాలి అంచుకు కాస్త పైనుంచి, పిక్కను మడమకు కలిపే అకిలిస్ స్నాయువు మీదుగా పైకి, నల్లబడిన చర్మం. కింద చీము. చీలమండ కదిలిస్తే నొప్పి ఉన్నా, పిక్కను నొక్కితే పాదం కిందికి వంగుతోంది. అంటే స్నాయువు పూర్తిగా తెగలేదు. పాదం పైనా, లోపలి చీలమండ వెనకా నాడి చేతికి అందింది. చీలమండ-చేయి రక్తపోటు నిష్పత్తి 0.98. షుగర్ ఉన్నవాళ్లలో ఈ అంకెను అంతగా నమ్మలేం. నాళాల గోడలు సున్నం పట్టి గట్టిపడితే నిష్పత్తి లేని మంచి చూపిస్తుంది. అందుకే రక్తప్రవాహాన్ని వినిపించే డాప్లర్‌లో శబ్దం ఎలా ఉందో కూడా విన్నాం, మూడు దశలూ స్పష్టంగా వినిపించాయి.

ఈ ఫ్లాప్‌కి కీలకమైనది పెరోనియల్ ధమని, పిక్క బయటి పక్క లోతుగా నడిచేది. దానికి చేత్తో పట్టి చూసే నాడి లేదు. క్రియాటినిన్ 0.9 ఉంది, అంటే కిడ్నీలు బాగున్నాయి కాబట్టి నాళాలను చూపే సీటీ యాంజియో తీయించాం. మూడు నాళాలూ చీలమండ దాకా తెరిచే ఉన్నాయి. షుగరు, వయసు, పాత గాయం ఈ మూడింటిలో ఏది ఉన్నా ఈ ఒక్క పరీక్షకు వెనకాడకూడదు. పెరోనియల్ మూసుకుపోయిన కాలికి రివర్స్ సూరల్ వేస్తే ఎంత బాగా కుట్టినా ఫలితం ఉండదు.

మిగతావి: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.4, హిమోగ్లోబిన్ 10.8, ఆల్బుమిన్ 3.2. ఎక్స్‌రేలో మడమ ఎముక విరగలేదు. ఎముకకు చీము పట్టిందా అన్నది ఏడో రోజు ఎక్స్‌రే చెప్పలేదు, ఆ మార్పులు కనిపించడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. మాత్రలు ఆపి ఇన్సులిన్ మొదలుపెట్టాం, షుగర్‌ను 140 నుంచి 180 మధ్య ఉంచడమే లక్ష్యం. రోజూ మూడు కోడిగుడ్లు, పప్పు, పాలు రాసిచ్చాం.

శుభ్రం చేయడం: రెండు విడతలు

మొదటి విడతలో టూర్నికే (రక్తాన్ని ఆపే గాలిపట్టీ) కట్టాం గానీ గాలి ఎక్కించలేదు. ఏది బతికుందో ఏది లేదో రక్తస్రావమే చెప్పాలి, దాన్ని మనమే ఆపేసుకుంటే ఇంకేం చూస్తాం. నల్లబడిన చర్మం అంతా, అంచుల నుంచి చురుగ్గా రక్తం వచ్చేదాకా తీసేశాం. అకిలిస్ స్నాయువు మీది పల్చని పొర, పారాటెనాన్, దాదాపు 5 సెం.మీ. పొడవున పోయింది. స్నాయువు బయటి అంచున మూడో వంతు వెడల్పు పీచుపీచుగా, పసుపు బూడిద రంగులో ఉంది, దాన్ని కత్తిరించాం. మిగతాది తెల్లగా, గట్టిగా ఉంది. మడమ ఎముక వెనక 3 × 2 సెం.మీ. మేర పొర లేకుండా బయటపడింది. సన్నని ఆస్టియోటోమ్‌తో (ఎముక ఉలి) పైపొరను చెక్కుతూ పోతే కారప్పొడి చల్లినట్టు ఎర్రటి చుక్కలు కనిపించాయి. అవి కనిపించిన చోట చెక్కడం ఆపాలి. కనిపించకపోతే ఇంకా లోతుకి వెళ్లాలి. ఏ క్రిమి ఉందో తెలిసేలా ఆ ఎముక ముక్కనే కల్చర్‌కి పంపాం, పైన తుడిచిన చీమును కాదు. ఆరు లీటర్ల సెలైన్‌ను ఒత్తిడి లేకుండా, బాటిల్ ఎత్తులో వేలాడదీసి పోశాం.

అప్పుడే ఇంకో పని చేశాం. మడమ కేసుల్లో చాలాచోట్ల మర్చిపోయేది అదే. ఫ్లాప్ వేశాక కాలు ఎక్కడ ఆనించాలి? మడమ మీద ఫ్లాప్, పిక్క మీద గ్రాఫ్ట్, మధ్యలో పెడికిల్, అంటే ఫ్లాప్‌కి రక్తం అందించే కాడ. దిండు ఎక్కడ పెట్టినా ఏదో ఒకటి నలుగుతుంది. అందుకే టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) ముందు నుంచి రెండు షాంజ్ పిన్నులు, పాదంలో బొటనవేలి మెటాటార్సల్ ఎముక మొదట్లో ఒకటి వేసి, వాటిని బయట కడ్డీలతో కలిపే ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ కట్టాం. దాని కడ్డీలనే రెండు వైపులా కిందికి పొడిగించి కాళ్లలా నిలబెట్టాం. మడమ గాల్లో ఉంటుంది. మడమ ఎముకకే చీము అనుమానం ఉంది కాబట్టి అందులో పిన్ను వేయలేదు. పాదం 20 డిగ్రీలు కిందికి వంచి బిగించాం, మిగిలిన స్నాయువు మీద లాగుడు తగ్గుతుంది.

రెండో విడత 48 గంటల తర్వాత. కొత్తగా చనిపోయిన కండ ఏమీ లేదు, అంచులు కాస్త సరిచేశాం, అంతే. ఈ మధ్యలో స్పాంజి పెట్టి గాయంలోని నీటిని పీల్చే వాక్యూమ్ డ్రెస్సింగ్ పెట్టాం. అయితే బయటపడిన స్నాయువు మీద స్పాంజిని నేరుగా పెట్టకూడదు, అది స్నాయువును ఎండగట్టేస్తుంది. పారాఫిన్ పూసిన గాజుగుడ్డ రెండు పొరలు వేసి, ఒత్తిడిని మామూలు 125కి బదులు 75 మి.మీ. దగ్గర ఉంచాం. కల్చర్‌లో సూడోమోనాస్ అనే బాక్టీరియా వచ్చింది, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్‌కి లొంగుతుంది. 4.5 గ్రాములు ఆరు గంటలకోసారి మొదలుపెట్టాం.

ఏ ఫ్లాప్?

శుభ్రం చేశాక మిగిలిన గాయం నిలువునా 7 సెం.మీ., అడ్డంగా 5.5. బయటి చీలమండ కొనను కొలబద్దగా తీసుకుంటే దానికి 4 సెం.మీ. కింది నుంచి 3 సెం.మీ. పై దాకా ఉంది. పొర లేని స్నాయువు మీద, పొర లేని ఎముక మీద చర్మం గ్రాఫ్ట్ పట్టదు. వాక్యూమ్ పెట్టి కండ పెరిగేదాకా ఆగుదామంటే ఈలోగా స్నాయువు ఎండి ఊడిపోతుంది. కాబట్టి ఫ్లాప్ తప్పదు, అదీ త్వరగా.

అరికాలి లోపలి వంపు నుంచి తీసే మీడియల్ ప్లాంటార్ ఫ్లాప్ మడమకు ఉన్నవాటిలో మేలైనది. స్పర్శ ఉంటుంది, అరికాలి చర్మమే అరికాలికి వస్తుంది. గాయం బరువు మోసే చోట ఉంటే దాన్నే ఎంచుకోవాలి. ఇక్కడ గాయం బరువు పడని వెనక భాగంలో ఉంది, పైగా స్నాయువు మీదుగా పైకి సాగింది, ఆ ఫ్లాప్ అంత పైకి సుఖంగా చేరదు. మడమ బయటి పక్క నుంచి తీసే లేటరల్ కాల్కేనియల్ ఫ్లాప్ చిన్నది, దాని చోటు కూడా పుల్లల్లో నలిగింది. దగ్గరి పెర్ఫొరేటర్ (లోతు ధమని నుంచి చర్మానికొచ్చే సన్న నాళం) మీద తిప్పే ప్రొపెల్లర్ ఫ్లాప్‌దీ అదే ఇబ్బంది. పూర్తిగా కోసి తెచ్చి దాని నాళాలను ఇక్కడి నాళాలకు కుట్టే ఫ్రీ ఫ్లాప్ వేయొచ్చు, నాళాలు బాగున్నాయి. మైక్రోస్కోప్, అలవాటైన టీమ్, రాత్రి మళ్లీ థియేటర్ తెరిచే వీలు మూడూ ఉన్నచోట ఎవరైనా అదే మేలంటే వాదించను. రెండో కాలి చర్మాన్ని తెచ్చి కుట్టే క్రాస్ లెగ్ ఫ్లాప్ ఇంకా బతికే ఉంది గానీ, షుగర్ ఉన్న 52 ఏళ్ల మనిషి రెండు కాళ్లూ కలిపి మూడు వారాలు కట్టేస్తే కీళ్లు పట్టేస్తాయి, సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది.

మిగిలింది రివర్స్ సూరల్. 1981లో పాంటెన్ కాలిపై ఫేషియాతో (కండరం మీది గట్టి పొర) కలిపి చర్మాన్ని లేపితే ఉత్త చర్మం కన్నా పొడవుగా తీసినా నిలుస్తుందని చూపించారు. 1983లో డాన్‌స్కీ, ఫోగ్డెస్టామ్ దాన్ని పిక్క కింది భాగం ఆధారంగా తలకిందులు చేశారు. 1992లో మాస్క్‌లే బృందం చర్మపు నాడుల (నరాల) వెంట నడిచే సన్న ధమనులే ఫ్లాప్‌ను పోషిస్తాయని వివరించాక ఇది ఊరూరా చేసే ఆపరేషన్ అయింది. మైక్రోస్కోప్ అక్కర్లేదు, కాలిలోని పెద్ద ధమనుల్లో దేన్నీ బలివ్వక్కర్లేదు. తేలికని పేరు పడిపోయింది. షుగర్ ఉన్నవాళ్లలో, పొగ తాగేవాళ్లలో, 40 దాటినవాళ్లలో ఆ తేలిక తగ్గిపోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ముందుగానే ఫ్లాప్‌ను మూడు వైపులా కోసి, పైన నాళాలు కట్టేసి, వారం పది రోజులాగి తిప్పే డిలే పద్ధతి ఇక్కడ ఎందుకు వద్దనుకున్నాం? స్నాయువు రోజురోజుకీ ఎండుతోంది, అది మొదటి కారణం. రెండోది, ఫ్లాప్ కొన చీలమండకు 19 సెం.మీ. పైనే ఆగుతుంది. ఆమె పిక్క పొడవు, మోకాలి మడత నుంచి చీలమండ దాకా, 36 సెం.మీ. కొన పై మూడో వంతులోకి వెళ్లట్లేదు. వెళ్లి ఉంటే, లేదా ఆమెకు చుట్టో బీడీయో అలవాటుంటే, డిలే చేసేవాళ్లమే.

రక్తం ఏ దారిన వస్తుంది, ఏ దారిన పోతుంది

రావడం సులువే. పెరోనియల్ ధమని నుంచి కాలి బయటి సన్న ఎముక వెనక, కండరాల నడిమి పొరలో పెర్ఫొరేటర్లు పైకొస్తాయి, వాటిలో అన్నిటికన్నా కిందిది బయటి చీలమండ కొనకు సుమారు 5 సెం.మీ. పైన ఉంటుంది. అది సూరల్ నాడి (పిక్క వెనక నడిచే స్పర్శ నరం) వెంట ఉన్న సన్న ధమనితో కలుస్తుంది. పైన కట్టేశాక రక్తం కింది నుంచి పైకి నడుస్తుంది. ధమనుల్లో కవాటాలు ఉండవు కాబట్టి అడ్డేమీ లేదు.

తిరిగి పోవడమే చిక్కు. పిక్క వెనక చర్మం కింద నడిచే స్మాల్ సఫీనస్ సిరలో కవాటాలు పైకి మాత్రమే తెరుచుకుంటాయి. ఇప్పుడు రక్తం కిందికి పోవాలి. మొదట్లో అది నాడి వెంట, ధమని వెంట ఉండే వెంట్రుకంత సిరల గుండా కవాటాలను తప్పించుకుని నడుస్తుంది. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ పెద్ద సిర కవాటాలు కూడా సడలిపోతాయి. ఈ సర్దుబాటుకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆ 72 గంటలు దాటించగలిగితే ఫ్లాప్ చాలావరకు మనదే. ఆపరేషన్‌లో తీసుకునే నిర్ణయాలన్నీ, పెడికిల్ వెడల్పు నుంచి డ్రెస్సింగ్ కట్టే తీరు దాకా, ఈ ఒక్క విషయం చుట్టూనే ఉండాలి.

ఆపరేషన్

వెన్నులో ఇచ్చే స్పైనల్ మత్తుతో పాటు, తర్వాత కూడా మందు ఎక్కించేందుకు ఎపిడ్యూరల్ గొట్టం పెట్టారు. ఎపిడ్యూరల్ నడుస్తుంటే నొప్పి ఉండదు, కాలి నాళాలు వదులుగా ఉంటాయి. బోర్లా పడుకోబెట్టాం. ఫిక్సేటర్ కడ్డీలు టేబుల్‌కి తగలకుండా తొడ కింద, చీలమండ ముందు మెత్తలు ఎత్తుగా వేయాలి, మోకాలి చిప్ప మీద భారం పడకుండా చూసుకోవాలి.

మోకాలి వెనక గుంట మధ్య నుంచి, బయటి చీలమండకీ అకిలిస్‌కీ నడిమధ్యకి గీత గీశాం. నాడి, సిర దాదాపు ఈ గీత మీదే నడుస్తాయి. 8 మెగాహెర్ట్జ్ చేతి డాప్లర్‌తో వింటే చీలమండకు 5.5 సెం.మీ. పైన ఒక పెర్ఫొరేటర్, 9 సెం.మీ. పైన ఇంకొకటి. ఫ్లాప్ ఇరుసులా తిరిగే చోటు, తిప్పే బిందువు, 6 సెం.మీ. దగ్గర పెట్టాం. కోత అక్కడితో ఆగాలి, కింది పెర్ఫొరేటర్‌ను చూడాలని వెతకడం కూడా వద్దు. అది అక్కడ ఉందని డాప్లర్ చెప్పింది, చాలు.

కొలత తలకిందులుగా తీసుకోవాలి. గ్లవ్ కవర్ కాగితంతో గాయం అచ్చు కత్తిరించాం. గాజుగుడ్డ పట్టీ ఒకటి తీసుకుని ఒక కొనను తిప్పే బిందువు దగ్గర వేలితో నొక్కి, రెండో కొనను గాయం కింది అంచుదాకా లాగితే 11 సెం.మీ. వచ్చింది. అదే పట్టీని పైకి తిప్పితే ఫ్లాప్ కొన ఎక్కడుండాలో తెలుస్తుంది. పెడికిల్ తిరిగే చోట మడతకు కొంత పోతుంది, తర్వాత వాపుకు కొంత పోతుంది. అందుకని 2 సెం.మీ. కలిపి 13 పెట్టాం. గాయాన్ని కప్పే చర్మపు ముక్క, అంటే ద్వీపం, 8.5 × 6.5 సెం.మీ., పెడికిల్ 4.5 సెం.మీ. పొడవు. గాయం కన్నా ప్రతి వైపూ కనీసం అర సెంటీమీటరు ఎక్కువ ఉండేలా తీసుకోవడం దుబారా కాదు. సరిగ్గా సరిపోయే ఫ్లాప్ మర్నాటి వాపుకి బిగుసుకుపోయేదే.

టూర్నికే 300 మి.మీ.కి ఎక్కించాం. అంతకుముందు కాలి రక్తాన్ని పిండేసే ఎస్మార్క్ రబ్బరు పట్టీ చుట్టలేదు, కాలిని రెండు నిమిషాలు ఎత్తి పట్టాం, అంతే. సిరల్లో కాస్త రక్తం మిగిలితేనే అవి కంటికి కనిపిస్తాయి.

పై అంచు ముందు కోశాం, పక్కలు కాదు. దీనికి కారణం ఉంది. సిర, నాడి గీత మీద లేకుండా ఒక పక్కకి జరిగి ఉంటే, పక్క కోతలు ఇంకా వేయలేదు కాబట్టి ద్వీపాన్ని జరిపి మళ్లీ గీసుకోవచ్చు. ఇక్కడ సిర ఒక సెంటీమీటరు బయటికి ఉంది, ద్వీపాన్ని అంత జరిపాం. ఈ ఎత్తులో నాడి కొందరిలో ఫేషియా పైకి వచ్చేసి ఉంటుంది, కొందరిలో ఇంకా ఫేషియా కింద, రెండు పిక్క కండరాల నడుమ గాడిలో ఉంటుంది. పైపొరలో కనిపించలేదని వదిలేస్తే ఫ్లాప్‌ను పోషించే ధమనిని కిందే వదిలేసినట్టు. ఫేషియా తెరిచి గాడిలో వెతకాలి. దొరికాక ధమనిని కట్టి, నాడిని పదునైన బ్లేడుతో కోసి, పై మొనను కండరంలోకి దూర్చి ఒక కుట్టు వేశాం. కండరంలోకి దూర్చకుండా వదిలేస్తే అక్కడ న్యూరోమా అనే నరపు గడ్డ కట్టి, పిక్క తగిలినప్పుడల్లా కరెంటు కొట్టినట్టు ఉంటుంది.

సిరను మాత్రం ద్వీపం అంచు దగ్గర కోయలేదు. ఇంకో 3 సెం.మీ. పైకి తవ్వి అక్కడ కట్టి కోశాం. ఆ మొన ఫ్లాప్‌తో పాటే వస్తుంది. ఫ్లాప్ తిరిగాక అది మడమ కింది అంచున, చేతికందే చోట ఉంటుంది. అందులో 18 గేజ్ ఐవీ కాన్యులా ప్లాస్టిక్ గొట్టాన్ని ఒకటిన్నర సెంటీమీటరు దూర్చి 4-0 సిల్కుతో కట్టి, మూత బిగించాం. దీనికి పట్టేది ఐదు నిమిషాలు.

ఫేషియాను చర్మానికి 4-0 విక్రిల్‌తో చుట్టూ అక్కడక్కడా అంటించాం, లేపుతున్నప్పుడు రెండు పొరలూ జారి మధ్య నాళాలు చిరగకుండా. తర్వాత ఫేషియా కింద, పై నుంచి కిందికి. పిక్క కండరం నుంచి వచ్చే సన్న నాళాలను బైపోలార్ కరెంటు చిమటాతో కాల్చి ఆపుతూ పోవాలి. కండరం మీద, స్నాయువు మీద ఉన్న తడి పొరను గీకకూడదు, గ్రాఫ్ట్ పట్టాల్సింది దాని మీదే.

పెడికిల్ దగ్గర చర్మాన్ని రెండు సెంటీమీటర్ల పట్టీగా మధ్యలో ఉంచేశాం. దాని రెండు వైపులా చర్మం కింద కొవ్వును పెడికిల్‌కే వదిలేసి పల్చగా లేపాం. ఫేషియా వెడల్పు 4 సెం.మీ. ఈ వెడల్పును తగ్గించాలన్న ఆశ అందరికీ పుడుతుంది, సన్నగా ఉంటే చక్కగా తిరుగుతుంది కదా అని. రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సన్న సిరలన్నీ ఆ కొవ్వులోనే ఉంటాయి. పైన చర్మం పట్టీ ఉంచితే చర్మం కింది సిరల వల కూడా మిగులుతుంది, పెడికిల్ మీద కుట్టు బిగువూ ఉండదు.

9 సెం.మీ. దగ్గరి పెర్ఫొరేటర్‌ను వెంటనే కోయలేదు. దానికి చిన్న క్లాంప్ పెట్టి టూర్నికే వదిలేశాం, అప్పటికి 55 నిమిషాలైంది. గోరువెచ్చటి సెలైన్ గుడ్డ కప్పి పదిహేను నిమిషాలు ఆగాం. ఫ్లాప్ పై కొన నుంచి ఎర్రటి రక్తం వచ్చింది. కింది పెర్ఫొరేటర్ ఒక్కటే మోయగలదని అప్పుడు గానీ నిర్ధారణ కాదు. ఆ తర్వాతే పైదాన్ని కట్టి కోశాం.

గాయానికీ తిప్పే బిందువుకీ మధ్య మిగిలిన చర్మం కింద సొరంగం చేయలేదు. నిలువునా కోసి తెరిచాం. సొరంగం టేబుల్ మీద వదులుగానే ఉంటుంది, రాత్రికి వాచి పెడికిల్ పీక పిసుకుతుంది. ఫ్లాప్‌ను సవ్య దిశలో ఒకసారి, అపసవ్య దిశలో ఒకసారి తిప్పి చూసి, మెలిక తక్కువ పడిన వైపు ఖాయం చేశాం. 4-0 నైలాన్‌తో దూరదూరంగా కుట్టి, గ్లవ్ ముక్కతో రెండు డ్రెయిన్లు. 6.5 సెం.మీ. వెడల్పు పిక్క గాయం దగ్గరికి లాగితే మూతపడదు, లాగకూడదు కూడా. తొడ నుంచి 0.3 మి.మీ. మందం గ్రాఫ్ట్ తీసి పిక్క మీదా, పెడికిల్ పక్కల బయటపడిన ఫేషియా మీదా వేశాం. పిక్క మీద గ్రాఫ్ట్‌కి దూది ఉండ కట్టాం. పెడికిల్ మీద మాత్రం పారాఫిన్ గాజుగుడ్డ, వదులు దూది, అంతే. ఫ్లాప్ మధ్యలో రూపాయి బిళ్లకు రెట్టింపు మేర కిటికీ వదిలాం.

తొమ్మిదో గంట

నర్సుల చార్టులో నాలుగు గళ్లు: రంగు, వేడి, నొక్కి వదిలితే రంగు తిరిగొచ్చే సమయం, సూది చుక్క. మొదటి 24 గంటలు గంటకోసారి, తర్వాత 48 గంటలు రెండు గంటలకోసారి. పుస్తకాల్లో ఫొటోలు ఎక్కువగా తెల్ల చర్మానివే. చామనఛాయ పిక్క చర్మంలో నీలిరంగు కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందుకే మన దగ్గర రంగు కన్నా మూడో గడి, నాలుగో గడి మీద ఆధారపడాలి. 24 గేజ్ సూదితో, పెడికిల్‌కి దూరంగా, మూడు మిల్లీమీటర్ల లోతు గుచ్చితే చాలు. కాసేపటికి ఎర్రటి చుక్క వస్తే బాగున్నట్టు. చుక్క రాకపోతే, లేక నీరులాంటిది వస్తే, ధమని అందట్లేదు. గుచ్చగానే నల్లటి రక్తం ఎగదన్నుకుని వస్తే సిర మూసుకుపోతోంది.

ఆపరేషన్ అయిన తొమ్మిది గంటలకు సూది చుక్క నల్లగా వచ్చింది. నొక్కి వదిలితే ఒక సెకను లోపే రంగు తిరిగొస్తోంది. ఇది కొత్తవాళ్లను మోసం చేసే గుర్తు. రంగు వేగంగా తిరిగి వస్తోందంటే రక్తం బాగా ఆడుతోందని కాదు, లోపల నిండిపోయి ఉందని. పెడికిల్ మీద డాప్లర్ శబ్దం బాగానే ఉంది.

వరస ఇది. ముందు డ్రెస్సింగ్ మొత్తం చర్మం దాకా విప్పాలి. ఇక్కడ గాజుగుడ్డ రక్తంలో తడిసి ఎండి గట్టి పట్టీలా పెడికిల్ చుట్టూ బిగుసుకుంది. అది కత్తిరించాం. తర్వాత కింద గడ్డ కట్టిందేమో డ్రెయిన్ దగ్గర నొక్కి చూశాం, లేదు. తిప్పే బిందువు దగ్గర, తెరిచిన చర్మపు అంచుకు వేసిన రెండు కుట్లు వాపుతో లోపలికి కోసుకుపోతున్నాయి, తీసేశాం. ఫిక్సేటర్ కాళ్ల కింద చెక్క పెట్టి కాలిని ఇంకో అడుగు ఎత్తాం. ఇరవై నిమిషాలకు కొంత మెరుగు కనిపించింది గానీ చాల్లేదు. అప్పుడు కాన్యులా మూత తీశాం.

ముదురు రక్తం తనంతట తనే చుక్కలుగా కారింది. 6 నుంచి 7 మి.లీ. పోయాక రంగు మారి ఎర్రబడింది, మూత పెట్టాం. మూత పెట్టే ముందు మి.లీ.కి 10 యూనిట్ల హెపారిన్ (రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందు) ఉన్న సెలైన్ ఒక్క మి.లీ. మెల్లగా ఎక్కించాలి, లేకపోతే గొట్టంలోనే గడ్డ కడుతుంది. మొదటి రోజంతా రెండు గంటలకోసారి, రెండో రోజు నాలుగు గంటలకోసారి, మూడో రోజు ఎనిమిది గంటలకోసారి. మొత్తం మీద పోయిన రక్తం సుమారు 130 మి.లీ. హిమోగ్లోబిన్ 9.7కి దిగింది, రక్తం ఎక్కించలేదు. మూడో రోజు సాయంత్రానికి మూత తీసినా రెండు మి.లీ. కన్నా రాలేదు, సూది చుక్క ఎర్రగా ఉంది. కవాటాలు సడలి రక్తం తన దారి వెతుక్కుందన్నమాట. ఐదో రోజు గొట్టం తీసేశాం. గడ్డకట్టకుండా ఎనాక్సాపారిన్ 40 మి.గ్రా. రోజుకోసారి వారం పాటు ఇచ్చాం, ఎపిడ్యూరల్ గొట్టం తీసే వేళను దానికి తగ్గట్టు మత్తు డాక్టరుతో కలిసి ముందే రాసుకోవాలి.

కాన్యులా పెట్టి ఉండకపోతే నిండిన రక్తాన్ని పీల్చడానికి జలగలు కావాలి, లేదా ఫ్లాప్ అంచు గీరి హెపారిన్ గుడ్డ పెట్టాలి. వైద్యపు జలగలు రాత్రి పన్నెండింటికి దొరికే ఊళ్లు తక్కువ. దొరికినా జలగల నుంచి వచ్చే ఏరోమోనాస్ ఇన్‌ఫెక్షన్‌కి అడ్డుగా సిప్రోఫ్లోక్సాసిన్ ఇవ్వాలి.

ఆ తర్వాత

ఫ్లాప్ కొసన, అంటే మడమ కింది అంచున, ఒక సెంటీమీటరు మేర పైపొర నల్లబడింది. దాన్ని కత్తిరించలేదు. పన్నెండో రోజుకి పొలుసు ఊడితే కింద గులాబీ చర్మం కనిపించింది. సిర అడ్డంకితో దెబ్బతిన్న అంచు మొదటి వారంలో ఉన్నదానికన్నా ఘోరంగా కనిపిస్తుంది. చీము పట్టకపోతే రెండు వారాలు ఆగాలి. ఐదో రోజు పిక్క గ్రాఫ్ట్ విప్పితే ఒక మూల తప్ప అంతా పట్టింది. కుట్లు పద్నాలుగో రోజున తీశాం. యాంటీబయాటిక్ ఎముక కల్చర్‌ని బట్టి ఇంజెక్షన్ రెండు వారాలు, తర్వాత నోటి ద్వారా నాలుగు వారాలు.

వార్డులో కష్టమైన భాగం కాలు కిందికి దించకుండా ఉంచడం. బాత్రూమ్‌కని మంచం అంచున రెండు నిమిషాలు వేలాడేస్తే ఫ్లాప్ వంకాయ రంగుకి తిరుగుతుంది. "అమ్మా, మూడు వారాలు కాలు దించొద్దు, బెడ్‌పాన్ అడగండి, మొహమాటపడొద్దు" అని ఆమెకీ, తోడున్న కూతురికీ కలిపి చెప్పాలి. పేషెంటుకే చెబితే మొహమాటంతో లేచి వెళ్తారు. మూడు వారాలు దాటాక ఐదు నిమిషాలు దించి ఎత్తడం, రోజుకు మూడు సార్లు, వారంలో అరగంటకు తీసుకెళ్లాం.

నాలుగో వారం ఫిక్సేటర్ తీసి పిండికట్టు స్లాబ్ వేశాం, రెండు వారాల్లో పాదాన్ని తిన్నగా తెచ్చాం. ఆరో వారం వాకర్‌తో సగం బరువు, పదో వారానికి కర్ర లేకుండా నడక. ఒంటికాలి మడమ ఎత్తడం ఆర్నెల్లకు కుడి కాలిలో ఉన్నంత బలంగా లేదు, స్నాయువులో మూడో వంతు పోయింది కదా. పొలంలో నాట్లకు వంగి నిలబడగలుగుతున్నారు, గట్టు ఎక్కేటప్పుడు మాత్రం ఆగుతున్నారు.

పాదం బయటి అంచు మొద్దుబారి ఉంటుంది, సూరల్ నాడి పోయింది కాబట్టి. ఇది ఆపరేషన్‌కి ముందే చెప్పి కాగితం మీద రాయించుకోవాలి. ఫ్లాప్‌కీ స్పర్శ లేదు. షుగర్ పాదం, స్పర్శ లేని మడమ కలిస్తే చెప్పు కొరికినా తెలియదు. ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు, మడమ వెనక పట్టీ లేనివి ఇచ్చాం. రోజూ రాత్రి అద్దం పెట్టి, చేత్తో తడిమి చూసుకోవడం నేర్పాం. నాలుగో నెలలో ఫ్లాప్ కింది అంచున ఒరిపిడికి చిన్న బొబ్బ లేచింది. ఊళ్లో కొన్న పట్టీ చెప్పు వేసుకున్నారు. అది మానేసి పది రోజులు డ్రెస్సింగ్ చేస్తే మానింది.

ఆర్నెల్ల దగ్గర ఫ్లాప్ మందం 1.2 సెం.మీ., చుట్టుపక్కల చర్మం కన్నా ఉబ్బెత్తుగా ఉంది. కొవ్వు తీసి పల్చన చేయమని కూతురు అడుగుతున్నారు. చేయొచ్చు, ఒక్కసారి సగం అంచు మాత్రమే లేపి, మిగతా సగం ఇంకో మూడు నెలలకు. అయితే హెచ్‌బీఏ1సీ ఇంకా 7.9 ఉంది. 7.5 లోపుకు వచ్చాక చూద్దామని మూడు నెలల తర్వాత రమ్మన్నాం.